ప్రిసెప్టర్‌ను వెతికే ముందు ఇవి చూసుకోండి

అమెరికాలో నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు చేస్తూ, వచ్చే సెమిస్టర్ క్లినికల్స్ (పేషెంట్ల దగ్గర చేసే శిక్షణ) మొదలుపెట్టేవాళ్ల కోసం. ప్రిసెప్టర్ అంటే క్లినిక్‌లో దగ్గరుండి నేర్పించి, మీరు చేసిన గంటలకు సంతకం పెట్టే డాక్టరో నర్స్ ప్రాక్టీషనరో.

– స్కూల్‌కీ క్లినిక్‌కీ మధ్య అగ్రిమెంట్ మీద సంతకాలు అయ్యాకే అడుగు పెట్టండి. అంతకుముందు చేసిన గంటలు లెక్కలోకి రావు, ప్రిసెప్టర్ "సోమవారం నుంచి వచ్చేయ్" అన్నా సరే. పెద్ద హాస్పిటళ్లలో ఈ కాగితం లీగల్ వాళ్ల దగ్గరే నెలలు పడి ఉండొచ్చు. అందుకే మొదటి ఫోన్‌లోనే అడగండి.

– ఆన్‌లైన్ కోర్సా? క్లినిక్ ఉన్న రాష్ట్రంలో మీ స్కూల్‌కు అనుమతి ఉండాలి, మీ ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) లైసెన్స్ అక్కడ చెల్లాలి. పక్క రాష్ట్రంలో అక్క ఇంట్లో ఉండి చేద్దామనుకునేవాళ్లు దొరికిపోయేది ఇక్కడే.

– ఫ్యామిలీ ట్రాక్ (అన్ని వయసులవాళ్లనూ చూసే విభాగం) అయితే పిల్లలు, గర్భిణులు కూడా వచ్చే చోటు కావాలి. 2022 జాతీయ ప్రమాణాలు పేషెంట్లను నేరుగా చూసే గంటలు కనీసం 750 అంటున్నాయి. అన్నీ పెద్దవాళ్ల క్లినిక్‌లోనే చేస్తే కుదరదు.

– ప్రిసెప్టర్‌ను చూపించే ఏజెన్సీకి డబ్బు కట్టేముందు స్కూల్‌ను అడగండి. కొన్ని ఒప్పుకోవు.

– బాబాయి డాక్టరే కావచ్చు. బంధువుల సంతకం చాలా స్కూళ్లలో చెల్లదు.

– ఈమెయిల్‌లో తేదీలు, గంటలు, రెజ్యూమె ఒకేసారి పంపండి. ఒక్క లైను మెయిల్‌కు జవాబు రావడం కష్టం.