రెండు వరసల అంకెలు ఎంత కలిసి నడుస్తున్నాయి? సహసంబంధాన్ని లెక్కించడం, చదవడం ఎలా

ఎండ ముదిరిన రోజున సోడాలు ఎక్కువ పోతాయని బండివాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ రెండూ ఎంత గట్టిగా ముడిపడి ఉన్నాయన్నది మాత్రం కంటి అంచనాకు అందదు. దాన్ని −1కీ +1కీ మధ్య ఒకే అంకెగా చెప్పేది సహసంబంధ గుణకం. వాడుకలో ‘ఆర్ విలువ’ అంటారు. ఆలోచన 1888లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్‌ది, ఇప్పుడు అందరూ వాడే సూత్రం గణాంకవేత్త కార్ల్ పియర్సన్‌ది. లెక్క కాగితం మీద పది నిమిషాల పని, కంప్యూటర్లో పది సెకన్ల పని. తప్పులు జరిగేది లెక్కలో కాదు, దానికి ముందూ దాని తర్వాతా.

1. అంకెలను జతలుగా పేర్చండి

సహసంబంధం జతల లెక్క. ఒక్కో అడ్డ వరసలో ఒక రోజు, లేదా ఒక మనిషి, లేదా ఒక పొలం ఉండాలి. ఆ ఒక్కదానికే సంబంధించిన రెండు కొలతలు పక్కపక్కన ఉండాలి. ఎక్సెల్‌లో ఒక నిలువు వరసను మాత్రమే ఎంచుకుని చిన్నదాని నుంచి పెద్దదానికి సర్దేస్తే జతలన్నీ చెదిరిపోతాయి. అయినా ఎక్సెల్ నిక్షేపంగా ఏదో ఒక జవాబు ఇస్తుంది. అది దేనికీ పనికిరాదు.

కొలత దొరకని చోట గడిని ఖాళీగా వదలండి, సున్నా పెట్టొద్దు. ఖాళీ గడిని ఎక్సెల్ పక్కన పెడుతుంది, సున్నాను నిజమైన కొలతగా లెక్కలో కలుపుతుంది. ప్రమాణాల గురించి బెంగ అక్కర్లేదు. సెల్సియస్‌ని ఫారన్‌హీట్ చేసినా, కిలోలను క్వింటాళ్లు చేసినా ఆర్ విలువ మారదు. మారిందంటే మార్చడంలోనే ఎక్కడో పొరపాటు జరిగింది.

2. ముందు చుక్కలు పెట్టండి

ఈ మెట్టు దాటేసేవాళ్లే ఎక్కువ. ఒక కొలతను అడ్డంగా, రెండోదాన్ని నిలువుగా తీసుకుని ఒక్కో జతకు ఒక్కో చుక్క పెట్టండి. ఎక్సెల్‌లో అయితే ఇన్సర్ట్‌లో ‘స్కాటర్’ చార్టు. గీతల చార్టు ఎంచుకోవద్దు, అది వేరే పని చేస్తుంది.

ఎందుకింత పట్టుదల అంటే, ఆర్ విలువకు సరళరేఖ ఒక్కటే తెలుసు. 1973లో ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ అనే గణాంకవేత్త నాలుగు చిన్న పట్టికలు తయారుచేశాడు. ఒక్కోదానిలో 11 జతలు. నాలుగింటికీ సగటులు దాదాపు ఒకటే, ఆర్ విలువ కూడా ఒకటే, 0.82. చుక్కలు పెట్టి చూస్తే మాత్రం ఒకటి మామూలు గుంపు, ఒకటి విల్లులా వంగిన వంపు, ఒకటి చక్కటి గీత నుంచి ఒక్క చుక్క ఎగిరిపోయినది, ఇంకొకటి నిట్టనిలువు గీతకు దూరంగా ఒకే ఒక్క చుక్క. అంకె ఒక్కటే, కథలు నాలుగు.

వంపు విషయం రైతులకు బాగా తెలుసు. వరికి యూరియా కొంతవరకు వేస్తే దిగుబడి పెరుగుతుంది, మితిమీరితే పైరు పడిపోయి తగ్గుతుంది. పెరిగే భాగం, తగ్గే భాగం రెండూ లెక్కలో పడితే ఆర్ విలువ సున్నా దగ్గరికి రావచ్చు. యూరియాకూ దిగుబడికీ సంబంధం లేదని దాని అర్థం కాదు, సంబంధం గీతలా లేదని మాత్రమే.

3. ఒక్కసారి చేత్తో లెక్కించి చూడండి

సాధన కోసం వేసుకున్న అంకెలివి. ఏడు రోజుల గరిష్ఠ ఉష్ణోగ్రత, ఆ రోజు అమ్మిన సోడాలు:

34 – 70
36 – 80
37 – 105
38 – 95
39 – 110
40 – 115
42 – 125

ఉష్ణోగ్రతల సగటు 38, సోడాల సగటు 100. ప్రతి అంకె నుంచి దాని సగటు తీసేయండి. ఉష్ణోగ్రతల తేడాలు −4, −2, −1, 0, 1, 2, 4. సోడాల తేడాలు −30, −20, 5, −5, 10, 15, 25. ఏ వరస తేడాలు కూడినా సున్నా రావాలి. రాకపోతే సగటు తప్పు, అక్కడే ఆగి సరిచూసుకోండి.

ఇప్పుడు జతల తేడాలను గుణించండి: 120, 40, −5, 0, 10, 30, 100. మొత్తం 295. ఈ మెట్టులోనే విషయమంతా ఉంది. రెండూ సగటుకు పైనున్నా, రెండూ కిందున్నా లబ్ధం ధనాత్మకం అవుతుంది, ఒకటి పైన ఒకటి కింద ఉంటే రుణాత్మకం. 37 డిగ్రీల రోజు చూడండి: ఎండ సగటుకు తక్కువ, సోడాలు సగటుకు ఎక్కువ. అందుకే అక్కడ −5 వచ్చింది. మిగతా రోజులు దాదాపు అన్నీ ఒకే మాట చెబుతుంటే ఆ ఒక్కరోజు కొంచెం ఎదురు చెప్పింది.

తర్వాత తేడాల వర్గాలు. ఉష్ణోగ్రతలకు మొత్తం 42, సోడాలకు 2300. రెండూ గుణిస్తే 96,600, దాని వర్గమూలం దాదాపు 310.8. 295ను 310.8తో భాగిస్తే 0.95. అదే ఆర్.

ఎక్సెల్‌లో ఈ పనంతా స్టాటిస్టికల్ ఫంక్షన్లలోని ‘కోరెల్’ చేసిపెడుతుంది. రెండు నిలువు వరసలు చూపిస్తే చాలు. గూగుల్ షీట్స్‌లోనూ అదే పేరు.

4. అంకెను చదవండి

గుర్తు దిశ చెబుతుంది, పరిమాణం బిగువు చెబుతుంది. −0.95 కూడా 0.95 అంత బిగువైనదే, కాకపోతే ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. 0.5 అంటే ‘సగం సంబంధం’ అనుకోవద్దు. దాన్ని వర్గం చేస్తే 0.25. అంటే ఒకదాని హెచ్చుతగ్గుల్లో పావు భాగమే రెండోదానితో గీసిన గీత వివరిస్తోంది. మన ఉదాహరణలో 0.95 వర్గం 0.90.

ఎంత పెరిగితే ఎంత పెరుగుతుందన్నది ఆర్ చెప్పదు. అది ప్రతిగమన రేఖ (చుక్కల గుంపుకు బాగా సరిపోయేలా గీసే సరళరేఖ) పని. ఇక్కడ 295ను 42తో భాగిస్తే 7. డిగ్రీకి సుమారు ఏడు సోడాలు.

5. విడిగా నిలబడ్డ చుక్కను పట్టించుకోండి

పై పట్టికకు ఎనిమిదో రోజు కలుపుదాం. 43 డిగ్రీలు, అమ్మినవి 20 సోడాలే. పొద్దున్నే ఐసు అయిపోయి బండి కట్టేశారనుకోండి. లెక్క మళ్లీ చేస్తే ఆర్ 0.95 నుంచి −0.08కి పడిపోతుంది. ఒక్క రోజు ఏడు రోజుల సాక్ష్యాన్ని తుడిచేసింది.

ఏం చేయాలి? ముందు కారణం వెతకండి. 120ని 20గా రాశారేమో, ఆ రోజు సగంపూటే అమ్మారేమో. కారణం దొరికితే తీసేసి, తీసేసినట్టు రాయండి. దొరక్కపోతే ఉంచి, ఉన్నప్పటి విలువా లేనప్పటి విలువా రెండూ చెప్పండి. నచ్చలేదని తీసేయడం మోసం.

ఇలాంటి చోట మనస్తత్వవేత్త ఛార్లెస్ స్పియర్‌మన్ 1904లో ఇచ్చిన కోటి (అంటే ర్యాంకు) సహసంబంధం కొంత ఆదుకుంటుంది. అంకెల బదులు ర్యాంకులు వాడుతుంది కాబట్టి 20 ఎంత దూరాన ఉన్నా ‘అన్నిటికన్నా కింద’ అనే లెక్క. మన ఎనిమిది రోజులకు అది 0.31 వస్తుంది, ఆ రోజు తీసేస్తే 0.96. దెబ్బ తగ్గిందే కానీ పోలేదు. మార్కులు, రేటింగుల వంటి వాటికీ, వంగినా ఒకే దిక్కుకు పోయే చుక్కలకూ ఇదే మెరుగు.

6. జతలు చాలినన్ని ఉన్నాయా?

తక్కువ జతల్లో పెద్ద ఆర్ కాకతాళీయంగానూ వస్తుంది. అసలు సంబంధమే లేకపోయినా అంత ఆర్ కాకతాళీయంగా వచ్చే అవకాశం 5 శాతం లోపే ఉండాలన్నది మామూలుగా వాడే హద్దు. అది దాటాలంటే (గుర్తు ఏదైనా) 5 జతలకు ఆర్ 0.88 ఉండాలి, 10 జతలకు 0.63, 30 జతలకు 0.36, 100 జతలకు 0.20. మన ఏడు రోజులకు కావాల్సింది 0.75. మనది దాటింది. ఐదు జతలతో 0.7 వచ్చిందని సంబరపడితే తొందరపాటే. వెయ్యి జతల్లో 0.1 ఈ హద్దు దాటుతుంది కానీ, దాని వర్గం ఒక్క శాతమే. హద్దు దాటడం వేరు, పనికిరావడం వేరు.

7. కారణం అనే ముందు మూడు ప్రశ్నలు

రెండింటినీ నడిపించే మూడోది ఉందా? 2012లో ఒక పేరున్న అమెరికన్ వైద్య పత్రికలో, 23 దేశాల్లో తలసరి చాక్లెట్ వాడకానికీ కోటి జనాభాకు వచ్చిన నోబెల్ బహుమతుల సంఖ్యకూ ఆర్ 0.79 అని అచ్చయింది. చాక్లెట్ తింటే నోబెల్ వస్తుందా? డబ్బున్న దేశాలు చాక్లెట్ కొంటాయి, పరిశోధనకూ ఖర్చుపెడతాయి.

రెండూ కాలంతో పాటు పెరుగుతున్నాయా? పదేళ్లుగా పెరుగుతూ వచ్చిన ఏ రెండు వరసలు తీసుకున్నా ఆర్ ఎక్కువే వస్తుంది. ఏటికేడు వచ్చిన మార్పులు తీసి, వాటి మధ్య లెక్కించండి. చాలా ‘బిగువు’ అక్కడే సడలిపోతుంది.

గుంపులు కలిసిపోయాయా? ఒక కాలేజీలో అందరి ఎత్తూ జుట్టు పొడవూ కొలిస్తే పొడుగువాళ్లకు పొట్టి జుట్టు అని తేలుతుంది. అబ్బాయిలను, అమ్మాయిలను విడదీసి చూస్తే ఆ సంబంధం మాయమవుతుంది. చుక్కలను రెండు రంగుల్లో పెడితే ఇది చూడగానే తెలుస్తుంది.

జిల్లాల సగటులతో మనుషుల గురించి చెప్పేవాళ్లు ఇంకో గోతిలో పడతారు. 1950లో డబ్ల్యూ.ఎస్. రాబిన్‌సన్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికా 1930 జనాభా లెక్కలు తిరగేశాడు. రాష్ట్రాలవారీగా చూస్తే విదేశాల్లో పుట్టినవారు ఎక్కువున్న చోట నిరక్షరాస్యత తక్కువ, ఆర్ −0.53. మనిషి మనిషినీ చూస్తే గుర్తే తిరగబడింది, 0.12. వలస వచ్చినవారిలో చదువురానివారే కొంచెం ఎక్కువ. కాకపోతే వాళ్లు స్థిరపడింది చదువుకున్నవాళ్లు ఎక్కువున్న రాష్ట్రాల్లో.

8. ఫలితం ఇలా రాయండి

‘ఏడు రోజుల లెక్కలో గరిష్ఠ ఉష్ణోగ్రతకూ సోడా అమ్మకాలకూ పియర్సన్ ఆర్ 0.95. ఐసు లేక త్వరగా మూసిన 43 డిగ్రీల రోజును కలపలేదు, కలిపితే −0.08.’ పక్కనే చుక్కల బొమ్మ పెట్టి, తీసేసిన చుక్కను అందులో వేరే రంగులో చూపించండి.