స్పోర్ట్స్ మీట్ ముందు రూమ్మేట్ తిండి మానేస్తుంటే ఏం చెయ్యాలి

మన సైడ్ అమ్మాయిలకి వెయిట్‌లిఫ్టింగ్ కొత్త కాదు, విజయనగరం దగ్గర వెయిట్‌లిఫ్టర్ల ఊరు కొండవెలగాడ తెలీనోళ్ళెవరు, ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచెళ్ళిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ నుంచి కాంస్యం తెచ్చింది. కాకపోతే ఆటన్నాక వెయిట్ కేటగిరీ, కేటగిరీ అంటే కాటా, గొడవంతా అక్కడే మొదలవుద్ది. రన్నింగ్ వాళ్ళకీ తప్పదు, సన్నగా ఉంటే స్పీడొస్తాదని ఎవడో ఒకడు అంటాడు కదా.

ముందు మెస్‌లో కంచం చూడండి. నా రూమ్మేట్ అన్నం అంచుకి నెట్టి, చారు పోసి కెలుకుతూ కబుర్లు చెప్పేది, తిన్నట్టే ఉండేది, లేచేసరికి నాలుగు ముద్దలు కూడా దిగేవి కాదు. తిన్న ప్రతిసారీ వెంటనే బాత్రూంకి పరిగెత్తడం, ప్రాక్టీస్ అయ్యాక కూడా ఒక్కర్తే రౌండ్లు కొట్టడం, అందరికీ ఉక్కపోస్తుంటే తనకి చలెయ్యడం, ఇవన్నీ చూసుకోవాలి. మనిషి చిక్కకపోయినా ఈ తిండి మానేసే జబ్బు ఉండొచ్చు, అందుకే లావూ సన్నం చూసి తేల్చెయ్యకండి.

పీరియడ్స్ సంగతి. "ప్రాక్టీస్ ఎక్కువైతే ఆగిపోతాయిలే, హాయే కదా" అనే సీనియర్లుంటారు, శుద్ధ తప్పు. చేసే కష్టానికి సరిపడా తిండి పడకపోతే ఒళ్ళు వాటిని ఆపేస్తాది, తర్వాత ఎముకలు బలహీనపడి కాలి ఎముకలో సన్న పగుళ్ళొస్తాయి. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టింది, కావాలని మానేసినా తెలీక తక్కువ తిన్నా రావొచ్చు. మూడు నెలలు రాకపోతే డాక్టర్ దగ్గరికే.

మాట్లాడ్డం అసలు కష్టం. నేను మెస్‌లో అందరి ముందూ "తినవే" అని కసిరాను, వారం నాతో మాట్లాడలేదు. "ఎంత చిక్కిపోయావే" అన్నా వేస్టే, ఆమెకి అది మెచ్చుకోలు. ఒంటరిగా ఉన్నప్పుడు ఒళ్ళు ఊసెత్తకుండా కళ్ళారా చూసిందే చెప్పండి. నేను డాబా మీద "మెట్లెక్కితేనే ఆయాసపడుతున్నావు, నాకు భయమేస్తందే" అన్నా, చాలాసేపటికి "పీడీ మేడంకి చెప్పకే" అంది, పీడీ అంటే మా ఆటల టీచరు. చెప్పనని ఒట్టు మాత్రం వెయ్యకండి, "నువ్వే చెప్పు, నేను పక్కనుంటా" అనండి. పీడీలకీ ఓ మాట, పిల్లల బరువులు అందరి ముందూ చదవకండి మేడం.

మనసు బాగోనోళ్ళ కోసం గవర్నమెంట్ పెట్టిన హెల్ప్‌లైన్ టెలీమానస్, 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఫ్రీ. కళ్ళు తిరిగి పడిపోయినా, గుండె దడగా ఉందన్నా, చచ్చిపోతానన్నా ఆలోచించకుండా 108.

నా రూమ్మేట్ డాక్టర్ చెప్పాక కూడా తొందరగా ఏం తినలేదు, పొద్దున్న గ్లాసుడు చోడంబలితో (రాగి అంబలి) మొదలెట్టింది, నేను గ్లాసు వైపు చూడకుండా ఇంటర్నల్స్ గురించి వాగుతూ కూర్చునేదాన్ని.