తుపాను నెలలకు ముందే: పిత్తనాళ వ్యాధి ఉన్నవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను. ఆ రోజులను చూసిన శ్రీకాకుళం జిల్లావాసులకు చెట్లు కూలి దారులు మూసుకుపోవడం, ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉండడం ఇంకా గుర్తే. అటువంటి సమయంలో కాలేయంలో ఊరే పిత్తరసాన్ని పేగుల్లోకి చేర్చే పిత్తనాళం మూసుకుపోతే, అక్కడ నిలిచిపోయిన పిత్తరసంలో పెరిగిన సూక్ష్మక్రిములు గంటల వ్యవధిలోనే రక్తంలోకి చేరగలవు. అందుచేత నాళాలు ఇరుకై ఏళ్ల తరబడి వైద్యంలో ఉన్నవారు, నాళాన్ని తెరిచి ఉంచే సన్నని గొట్టం (స్టెంట్) వేయించుకున్నవారు సెప్టెంబరులోనే కొన్ని పనులు ముగించుకోవాలి.

ముందుగా స్టెంట్ వేసిన తేదీ చూసుకోండి. ప్లాస్టిక్ స్టెంట్‌ను సాధారణంగా 3 నెలలకోసారి మారుస్తారు, ఆ తరువాత అది పూడిపోయే అవకాశం పెరుగుతూ పోతుంది. కామెర్లు తగ్గి ఆకలి పుట్టగానే జబ్బు పోయిందనుకొని మళ్లీ ఆసుపత్రికి వెళ్లనివారు చాలామంది ఉంటారు, నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే. మార్చవలసిన గడువు అక్టోబరులోనో నవంబరులోనో పడుతూ ఉంటే, కొద్దిగా ముందే మార్చడానికి వీలవుతుందేమో డాక్టరుగారిని అడగండి.

తరువాతిది స్కానింగ్. పొట్ట అల్ట్రాసౌండ్‌లో నాళాలు ఉబ్బినదీ, కాలేయంలో చీము గడ్డ ఉన్నదీ తెలుస్తుంది గానీ, నాళం అడుగున ఇరుక్కున్న రాయిని పేగుల్లోని గాలి కప్పేయవచ్చు. స్టెంట్ ఉన్న సంగతి స్కానింగ్ చేసేవారికి తప్పక చెప్పండి. స్టెంట్ ఉన్నవారి నాళాల్లో గాలి కనిపించడం సహజమే, తెలియకపోతే దానిని రాళ్లుగా పొరబడే ప్రమాదం ఉంది. నాళాల ఆకృతి మొత్తం చూడాలంటే ఎంఆర్‌సీపీ (పిత్తనాళాలను చూపే ఎంఆర్‌ఐ స్కాన్) కావాలి, దానికి రంగు మందు ఎక్కించనక్కరలేదు. అయితే నాళం ఇరుకైనది మచ్చకట్టడం వల్లనా, క్యాన్సర్ వల్లనా అన్నది తేల్చడానికి మాత్రం రంగు మందుతో తీసే ఎంఆర్‌ఐ గానీ సీటీ గానీ అవసరమవుతుంది. ఇరుకు పొడవుగా ఉండి గోడ మందంగా కనిపించినా, కాలేయంలో ఒక వైపు కుంచించుకుపోయినా, పాత ఫిల్ములతో పోల్చి చూడకుండా క్యాన్సర్ కాదని ధైర్యం చెప్పడం కష్టం. క్యాన్సర్ అనుమానంతో చేసే సీఏ 19-9 రక్తపరీక్ష విలువ నాళం మూసుకున్నప్పుడు, చీము పట్టినప్పుడు కూడా పెరుగుతుంది కనుక, ఆ ఒక్క అంకె చూసి గుండెలు బాదుకోవద్దు.

అరుదైన చిక్కులు రెండు గుర్తుంచుకోదగ్గవి. కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిరలో గడ్డకట్టడం, రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్‌లో బయటపడుతుంది. త్వరగా గుర్తిస్తే రక్తం పలచబరిచే మందులతో సిర తిరిగి తెరుచుకునే అవకాశం ఉంది, ఆలస్యమైతే చుట్టూ పుట్టిన చిన్న సిరలు పిత్తనాళాన్నే నొక్కవచ్చు. రెండోది పిత్తనాళంలోకి రక్తస్రావం: నొప్పి, కామెర్లు, తారులాంటి నల్లని విరేచనం దాని గుర్తులు. రక్తనాళాలను చూపే సీటీ యాంజియోగ్రామ్‌లో చోటు కనిపెట్టి, ఆపరేషన్ లేకుండానే ఆ రక్తనాళాన్ని లోపలి నుంచి మూసివేయగలుగుతున్నారు.

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపువారికి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇంటింటి వేదన. రంగు మందుతో ఏ స్కాన్ తీయించుకున్నా ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోండి; కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి సీటీ రంగు మందు మరింత హాని చేయవచ్చు, ఎంఆర్‌ఐలో వాడే కొన్ని పాతరకం గడోలినియం మందులు చర్మం గట్టిపడే అరుదైన జబ్బుకు దారితీయవచ్చు. అవసరమైన స్కాన్ మానుకోమని దీని అర్థం కాదు, ఏ మందు ఎక్కించాలో డాక్టరు ఆలోచించుకొని నిర్ణయించాలని. కడుపునొప్పికి మందుల దుకాణంలో కిడ్నీలకు హాని చేయగల డైక్లోఫెనాక్ నొప్పి మాత్ర అడిగి కొనుక్కోవడం మాత్రం ఆపివేయండి.

వణుకుతో జ్వరం, కుడి డొక్క పైన నొప్పి, కళ్లు పచ్చబడడం, ఈ మూడూ కలిసి వస్తే నాళంలో ఇన్‌ఫెక్షన్ చేరిందని అనుమానించాలి. మనిషి మగతగా ఉన్నా, తికమకగా మాట్లాడినా, బీపీ పడిపోయినా అది ఇంకా ప్రమాదకరం. కామెర్లకు ఆకు పసరు తాగించే ఆచారం మన ఊళ్లలో ఉంది. నాళం మూసుకుని వచ్చిన కామెర్లలో ఆ రెండు మూడు రోజుల జాప్యమే ప్రాణం తీయగలదు. యాంటీబయాటిక్ ఒక్కటే చాలదు, అడ్డుపడిన పిత్తరసాన్ని నోటి గుండా ఎండోస్కోప్ పంపి చేసే ఈఆర్‌సీపీతోనో చర్మం గుండా గొట్టం వేసో బయటికి తీయాలి.

ఆ సౌకర్యం ప్రతి ఆసుపత్రిలోనూ ఉండదు. ఇచ్ఛాపురం నుంచి విశాఖ 200 కిలోమీటర్లకు పైమాటే కనుక, దగ్గరలో ఎక్కడ చేస్తారో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. వాతావరణ హెచ్చరిక వెలువడిన రోజున ఒంట్లో వేడిగా అనిపిస్తే, తుపాను వెళ్లాక చూద్దామనుకోకుండా అప్పుడే బయలుదేరండి. స్టెంట్ కాగితం, పాత ఫిల్ములు, సీడీలు, క్రియాటినిన్ రిపోర్టు, వాడుతున్న మందుల చీటీ, ఆరోగ్యశ్రీ (ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు ఒకే ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి గట్టిగా కట్టి, నీళ్లు చేరని ఎత్తున పెట్టండి. అది ఎక్కడ ఉందో ఇంట్లో ఇంకొకరికి కూడా తెలియాలి.