మా ఇంట్లో నడిచిన సైనికుడు కాజీపేటలో ఉరికాడు

ఓరుగల్లు కోట గోడల మీద ఒక కాకతీయ సైనికుడు గెంతుకుంటూ పోయే 2డి ఆట. గోడాట్ 4 అనే ఆటలు తయారుచేసే ఇంజిన్ (సాఫ్ట్‌వేర్) నేర్చుకుంటూ హన్మకొండలో మా పాత ల్యాప్‌టాప్‌లో చేశాను.

సమస్య: కాజీపేటలో దోస్తు గేమింగ్ ల్యాప్‌టాప్‌లో ఆడిస్తే సైనికుడు రెండింతలకు పైగా వేగంతో ఉరికి కందకంలో పడ్డాడు.

కారణం: తెరమీద బొమ్మ మారిన ప్రతిసారీ, అంటే ప్రతి ఫ్రేముకూ నడిచే ప్రాసెస్ ఫంక్షన్‌లో ఫ్రేముకు 5 పిక్సెళ్లు జరపమని రాశాను. నా స్క్రీన్ మీద సెకనుకు 60 ఫ్రేములు, అంటే 300 పిక్సెళ్లు. వాడిది 144 హెర్ట్జ్ స్క్రీన్, అంటే సెకనుకు 144 ఫ్రేములు, 720 పిక్సెళ్లు.

పరిష్కారం: 5కు బదులు 300ని డెల్టాతో గుణించి జరపాలి. డెల్టా అంటే కిందటి ఫ్రేము నుంచి గడిచిన సమయం, సెకన్లలో.

ఇది తెలిసిన ఉత్సాహంలో కనపడినచోటల్లా డెల్టా పెట్టేశాను. ఈసారి సైనికుడు కదలడమే మానేశాడు! పాత్రలను కదిలించడానికి గోడాట్ ఇచ్చే క్యారెక్టర్ బాడీ 2డిలో, గోడలకు తగులుతూ జరిపే మూవ్ అండ్ స్లైడ్ ఫంక్షన్ వాడితే వెలాసిటీని (వేగాన్ని) డెల్టాతో గుణించకూడదు. ఆ పని ఆ ఫంక్షనే చేసుకుంటుంది. మనమూ గుణిస్తే 300 కాస్తా 5 అవుతుంది. గురుత్వాకర్షణకు మాత్రం గుణించాల్సిందే, ఎందుకంటే అది వేగం కాదు, వేగానికి క్షణక్షణం కలిసేది. ఈ తేడా బుర్రకెక్కడానికి నాకు రెండు రోజులు పట్టింది.

సమస్య: బాణం గోడకు తగలకుండా అవతలికి పోతోంది. “గోడాట్‌లో గోడే లేదా?” అని దోస్తు వెక్కిరింపు.

బాణం వేగం సెకనుకు 2400 పిక్సెళ్లు. ఏది దేనికి తగిలిందో ఇంజిన్ చూసే ఫిజిక్స్ లెక్క సెకనుకు 60 సార్లు. అంటే ఒక్కో లెక్కకు 40 పిక్సెళ్ల గెంతు. నా గోడ మందం 16. ఒక లెక్కలో బాణం ఇవతల, తర్వాతి లెక్కలో అవతల. పాత చోటు నుంచి కొత్త చోటుకు రేకాస్ట్ (కనపడని గీత) వేసి మధ్యలో గోడ ఉందేమో చూస్తే సరి. ఫిజిక్స్ లెక్కలను 60 నుంచి 240 చేయమని కొందరు చెప్తారు, అంటే నాలుగింతల పని. పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు ఆ జోలికి పోవద్దు.

సమస్య: విండోస్‌లో కనపడ్డ బొమ్మ ఫోన్‌లో మాయం.

ఫైల్ పేరులో పెద్ద అక్షరం, కోడ్‌లో చిన్న అక్షరం. విండోస్ చూసీచూడనట్టు వదిలేస్తుంది, ఆండ్రాయిడ్ వదలదు. పేర్లన్నీ చిన్న అక్షరాల్లోనే పెట్టండి.

సమస్య: తెలుగు పేరు చోట డబ్బాలు.

ఫాంట్‌లో తెలుగు లేదు. నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌ను ప్రాజెక్టులోనే పెట్టి లేబుల్‌కు (అక్షరాలు చూపించే భాగానికి) తగిలించాలి. ఫాంట్ ఉన్నా “ఓరుగల్లు”లో ల కింద వత్తు కూర్చోకుండా అక్షరాలు విడివిడిగా కనపడితే మీరు వాడేది గోడాట్ 3 అయ్యుంటుంది. ఒత్తులను కలిపే పని 4.0తోనే వచ్చింది. ఇంజిన్ మార్చుకోండి, ఫాంట్లు వెతుక్కుంటూ కూర్చోకండి.