స్నేహితుల ఇంట్లో రాత్రి ఉండాల్సి వస్తే

రాజమండ్రి నుంచి పని మీద హైదరాబాద్ వెళ్తే నేను కూకట్‌పల్లిలో స్నేహితురాలి ఇంట్లోనే దిగుతాను. రెండు బెడ్‌రూముల ఫ్లాట్. అత్తగారు, స్కూలుకెళ్లే పిల్లలు, ఒకటే గీజర్. ఇలాంటి ఇంటికి ఎప్పుడొస్తామో కాదు, ఎప్పుడు తిరిగి వెళ్లిపోతామో ముందు చెప్పాలి. తిరుగు టికెట్ తీసుకున్నాకే ఫోన్ చేయండి.

గోదావరి ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే సికింద్రాబాద్‌లో దింపుతుంది. స్టేషన్‌కి రమ్మని ఎవర్నీ నిద్ర లేపకండి. మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే సరిపోతుంది.

అసలు టెన్షనంతా బాత్రూమ్ దగ్గరే. పిల్లల బస్సు ఎన్నింటికో రాత్రే అడగండి. అందరికంటే ముందైనా స్నానం చేసేయాలి, లేదా వాళ్లంతా వెళ్లేదాకా ఆగాలి. తువ్వాలు, సబ్బు, చార్జర్ మనవే ఉండాలి. స్నానమయ్యాక నేల వైపర్‌తో లాగేసి, జాలీ దగ్గర వెంట్రుకలు తీసేయండి. తడి తువ్వాలు మంచం మీద పడేసేవాళ్లని నేనైతే రెండోసారి పిలవను.

రాత్రి బయట తినేలా ఉంటే సాయంత్రానికల్లా చెప్పండి, బియ్యం కడగకముందే. శనివారం ఉల్లిపాయ తినకపోయినా అంతే. "నువ్వు కూర్చోవే" అంటారు, అయినా కంచం సింకులో పెట్టి కూరగాయలు తరగండి.

పూతరేకులు బ్యాగులో కుక్కితే పొడైపోతాయి, చేత్తో పట్టుకెళ్లండి. అత్తగారి దగ్గర కాసేపు కూర్చోవాల్సిందే, మీ జీతం అడిగినా సరే. రెండు రోజులు దాటితే పనమ్మాయికి వంద రూపాయలు ఇవ్వండి, మీ స్నేహితురాలికి చెప్పే.