హోటల్‌కి ఫ్లోరింగ్ కొనే ముందు టైల్ మీద నీళ్లు పోసి చూడండి

షోరూమ్‌లో తళతళా మెరిసే టైల్ చూడగానే అడ్వాన్స్ ఇచ్చేయకండి. అక్కడ నేల పొడిగా ఉంటుంది, పైనుంచి లైట్లు పడుతుంటాయి. మీ హోటల్లో మధ్యాహ్నం రెండింటికి అదే టైల్ మీద సాంబారు ఒలికి ఉంటుంది, నాలుగు ప్లేట్లు పట్టుకున్న సప్లయర్ దాని మీంచే పరిగెత్తాలి. అందుకే నచ్చిన టైల్ శాంపిల్ ఒకటి అడిగి తెచ్చుకోండి. దాని మీద నీళ్లు పోసి, కాస్త నూనె చిలకరించి, గోడ పట్టుకుని మామూలు చెప్పులతో కాలు రాసి చూడండి. జారితే ఇక రేటు అడిగే పని లేదు.

మంచి కంపెనీల క్యాటలాగ్‌లో ఆర్9 నుంచి ఆర్13 దాకా రేటింగ్ రాసి ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ జారడం తగ్గుతుంది. కస్టమర్లు కూర్చునే చోటికి ఆర్10, వంటగదికీ గిన్నెలు కడిగే చోటుకీ కనీసం ఆర్11 చూసుకోండి. అలాగని అంతా ఆర్13 వేయించకండి, ఆ గరుకులో జిడ్డు ఇరుక్కుంటే రోజూ బ్రష్ పెట్టి తోమాల్సింది మీ మనుషులే. రేటింగ్ చూపించకుండా 'యాంటీ స్కిడ్డే సార్' అనే మాటతో సరిపెట్టేవాళ్ల దగ్గర కొనకపోవడమే మేలు.

మన దగ్గర తాండూరు, షాబాద్, కడప బండలు చవగ్గా దొరుకుతాయి, చూడ్డానికి కూడా హుందాగా ఉంటాయి. కానీ ఇవన్నీ సున్నపురాయి జాతి. చింతపండు పులుసు, నిమ్మరసం పడి అలాగే ఉండిపోతే మెరుపు పోయి తెల్లటి మచ్చలు పడతాయి, బాత్రూమ్ యాసిడ్‌తో కడిగితే పూర్తిగా పాడవుతాయి. మార్బుల్‌దీ ఇదే కథ, పైగా ఖరీదు. బయట అరుగుకీ, చెట్టు కింద కుర్చీలేసే చోటుకీ అయితే కడప బండలే నాకు ఇష్టం. లోపల రాయే కావాలనుకుంటే గ్రానైట్ వేయించండి, పులుపుకి అది చలించదు. కాకపోతే పాలిష్ కాకుండా, తోలులా కాస్త గరుకుగా ఉండే లెదర్ ఫినిష్ అడగండి. చీమకుర్తి నల్ల గ్రానైట్ బ్లాక్ గెలాక్సీని పాలిష్‌తో వేస్తే అందంగానే ఉంటుంది గానీ ప్రతి నీటిచుక్కా, ప్రతి అడుగూ దాని మీద కనిపిస్తుంది. తెల్ల నేల కూడా అంతే. చిన్న చుక్కలున్న బూడిద రంగో, లేత గోధుమ రంగో హోటల్‌కి నప్పుతుంది.

చెక్క లుక్ కావాలంటే చెక్క డిజైన్ విట్రిఫైడ్ టైల్స్ ఉన్నాయి, చెక్క పొడి అట్టల మీద డిజైన్ అతికించిన లామినేట్ జోలికి మాత్రం వెళ్లొద్దు, రోజూ తడి మాపు పడితే అంచులు ఉబ్బుతాయి. తమిళనాడులో చెట్టినాడు వైపు చేసే ఆత్తంగుడి టైల్స్ రంగులు చాలా బాగుంటాయి, కానీ అవి సిమెంట్ టైల్స్, పసుపు, నూనె పీల్చేస్తాయి. మరకలు ఇంకకుండా ఆపే సీలర్ పూయించి గుమ్మం దగ్గర ఒక పట్టీలా వేసుకుంటే చాలు.

వంటగదిలో టైల్ కంటే ముందు వాటం, అంటే నీళ్లు పారే వాలు చూడండి. ఫుడ్ లైసెన్స్ నిబంధనల్లో కూడా నేల నీళ్లు పీల్చకూడదు, జారకూడదు, కాలువ వైపు వాలుగా ఉండాలి అనే ఉంది. పది అడుగులకి ఒకటిన్నర అంగుళం దిగేలా మేస్త్రీతో పెట్టించండి. ఒకసారి టైల్ అతికాక వాటం సరిచేయాలంటే మొత్తం పగలగొట్టడమే. అక్కడ చిన్న సైజు టైల్సే తీసుకోండి, నీళ్లు దిగే జాలీ (ట్రాప్) వైపు వాలు బాగా తిరుగుతుంది. చిన్న టైల్స్‌కి జాయింట్లు ఎక్కువ కాబట్టి ఆ సందులు నింపే గ్రౌట్ దగ్గర పీనాసితనం పనికిరాదు. మామూలు సిమెంట్ గ్రౌట్ నూనె పీల్చి నల్లబడుతుంది, రెజిన్‌తో చేసే ఎపాక్సీ గ్రౌట్ ధర ఎక్కువే అయినా వంటగదిలో అదే వేయించండి.

విట్రిఫైడ్ టైల్ నీళ్లు దాదాపుగా పీల్చదు, 0.5 శాతం లోపే. అందుకే సిమెంట్ పాలు దానికి సరిగ్గా పట్టవు. టైల్ అతికించే జిగురు (అడెసివ్)ని పళ్లున్న దువ్వెన కరణితో నిండుగా పరిచి అతికించమనండి, నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెడితే ఒప్పుకోకండి. ఆరాక కర్రతో తట్టి వినండి, డొల్లగా మోగిన టైల్ ఏదో ఒకరోజు గ్యాస్ సిలిండర్ దొర్లించినప్పుడు పగులుతుంది. బిల్లు కట్టకముందే దాన్ని మార్పించండి. అదే బ్యాచ్ నంబర్‌వి పది శాతం ఎక్కువ కొని పక్కన పెట్టుకోండి, వచ్చే ఏడాది వెళ్లి అడిగితే అదే డిజైన్ దొరికినా అదే షేడ్ దొరకడం కష్టం.