పాత వజ్రాల బ్రోచ్‌ని ముందు వెనక్కి తిప్పి చూడండి

పాత వజ్రాల బ్రోచ్ (బట్టకి పిన్నుతో గుచ్చుకునే నగ) చేతికి రాగానే నేను ముందు దాని వీపు చూస్తాను. పిన్ను మొన తాళం లేకుండా ఉత్త కొక్కేనికి ఆని ఉంటే అది 19వ శతాబ్దంలో బాగా వాడిన తరహా. చాలా అందంగా ఉంటుంది, కానీ జారిపోవడం క్షణం పని. మొన కొక్కెం దాటి బయటికొస్తే, దానికి కమ్మల వెనక పెట్టే చిన్న రబ్బరు ముక్క గుచ్చండి. పల్చటి బట్టైతే లోపలివైపు ఫెల్ట్ (మందపాటి ఉన్నిలాంటి గుడ్డ) ముక్క పెట్టి, రెండూ కలిపి గుచ్చితే బరువుకి వేలాడదు.

ఇంకోటి, రాళ్ల వెనక లోహంతో మూసేసి ఉంటే నీళ్లలో అస్సలు ముంచొద్దు. మెరుపు కోసం లోపల పల్చటి రేకు పరిచి ఉండొచ్చు. తడి తగిలితే అది నల్లబడిపోతుంది. పొడి మెత్తటి బ్రష్ చాలు.